రెండు పెట్టెల నడుమ ఒక కొక్కెం

(ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విద్యార్థులకు రిటైర్డ్ క్యారేజ్ అండ్ వ్యాగన్ ఇంజనీరు ఇచ్చిన ప్రసంగం)

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. బోగీ అంటే మనం కూర్చునే పెట్టె అని మీరంతా అనుకుంటారు. పేపర్లు కూడా 'మూడు బోగీలు పట్టాలు తప్పాయి' అనే రాస్తాయి. మా క్యారేజ్ అండ్ వ్యాగన్ వాళ్లకు బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల బండి. ఒక్కో పెట్టెకు రెండు బోగీలు. ముప్పై నాలుగేళ్లు ఆ పెట్టెల కింద దూరి పనిచేసినవాణ్ని, ఈ ఒక్క చాదస్తం భరించండి. (నవ్వులు)

మీ సార్ ఫోన్ చేసి, ప్రపంచ రైల్వేల్లో వస్తున్న కొత్త టెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు. బుల్లెట్ రైళ్ల గురించి, అయస్కాంతం మీద తేలే రైళ్ల గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఆ వీడియోలు మీరు నాకన్నా ఎక్కువే చూసి ఉంటారు. నేను ఇవాళ ఒక కొక్కెం గురించి మాట్లాడతాను. రెండు పెట్టెల్ని కలిపి ఉంచే కప్లింగ్. యూరప్‌లో ఇప్పుడు రైల్వే ఇంజనీర్లు, మంత్రులు, వ్యాగన్ల యజమానులు కలిసి ఏళ్ల తరబడి తల పట్టుకుని కూర్చున్నది దీని గురించే.

ఫోన్ మార్చుకోవాలంటే మీరు పక్కింటివాళ్లని అడగక్కర్లేదు. వ్యాగన్ అలా కాదు. ఇవాళ గుంతకల్లులో ఉంటుంది, వారం తిరిగేసరికి అస్సాంలో తేలుతుంది. దాని పక్కన ఏ వ్యాగన్ నిలబడుతుందో దానికే తెలియదు. అందుకే కప్లింగ్ మార్చడం పెళ్లి సంబంధం లాంటిది. ఒక వైపువాళ్లు ఒప్పుకుంటే చాలదు. మేలైన కొక్కెం ఎప్పుడో తయారైంది. అందరూ దానికి మారడానికే ఏళ్లు పడుతున్నాయి. నూట యాభై ఏళ్లుగా ఇదే తంతు.

పాత పద్ధతి ఏమిటో ముందు చూద్దాం. పెట్టె చివర రెండు గుండ్రటి బఫర్లు, మధ్యలో ఒక డ్రా హుక్, ఆ హుక్‌కు వేలాడే స్క్రూ కప్లింగ్. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ అండ్ మాంచెస్టర్ రైల్వేకు కార్యదర్శిగా ఉన్న హెన్రీ బూత్ 1836లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంజను వచ్చి బఫర్లకు బఫర్లు ఆనుకుని ఆగుతుంది. అప్పుడు పాయింట్స్‌మన్ వంగి బఫర్ల కింద నుంచి లోపలికి దూరతాడు. ఇరవై కిలోలకు తగ్గని ఆ ఇనుప కొండీని ఎత్తి అవతలి హుక్‌కి తగిలించి, స్క్రూని తిప్పి బిగిస్తాడు. తర్వాత గాలి పైపులు కలుపుతాడు. బ్రేక్ పైప్‌లో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు, ఫీడ్ పైప్‌లో 6 కిలోలు. పైపుల చివర గాలిని ఆపే యాంగిల్ కాక్‌లు తెరిచి, మళ్లీ వంగి బయటికి వస్తాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇనుమును ముట్టుకుంటే తెలుస్తుంది. వానాకాలం రాత్రి టార్చి పళ్ల మధ్య పెట్టుకుని చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్ద జంక్షన్‌లో నాకు ఈ పని దగ్గరుండి చూపించింది ఒక పాయింట్స్‌మన్. అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన కుడిచేతికి చూపుడు వేలు సగమే ఉండేది. ఆ సగం వేలితోనే చూపించి, "ఇంజను పూర్తిగా ఆగిందని నీ కళ్లతో చూడకుండా లోపలికి కాలు పెట్టావో..." అనేవాడు. వాక్యం పూర్తి చేసేవాడు కాదు. చేయక్కర్లేదు, ఆ వేలు చాలు.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2024 నవంబరులో బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో ఇంజనును విడదీసే పనిలో ఉన్న ఒక కార్మికుడు ఇంజనుకూ పెట్టెకూ మధ్య నలిగి చనిపోయాడు.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో స్క్రూ కప్లింగ్ కన్నా మోటుదైన లింక్ అండ్ పిన్ ఉండేది. ఒక ఇనుప కడియం, దానిలో దించే మేకు. పెట్టె కదిలి వస్తుండగా మనిషి మధ్యలో నిలబడి, కడియాన్ని చేత్తో పట్టుకుని అవతలి గాడిలోకి దూర్చాలి. క్షణం ఆలస్యమైతే వేళ్లు పోతాయి, రెండు క్షణాలైతే మనిషే పోతాడు. ఉద్యోగానికి వచ్చినవాడి చేతులు చూసి, వేళ్లు తక్కువుంటే 'అనుభవం ఉన్నవాడు' అనుకునేవారట. ఎంతవరకు నిజమో గానీ, అమెరికా రైల్వే వాళ్ల మధ్య ఇది బాగా నలిగిన మాట.

ఈలై జానీ అని వర్జీనియా మనిషి, ఒక దుకాణంలో గుమాస్తా. రైల్వేతో సంబంధం లేదు. 1873లో ఒక కప్లర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మీ రెండు చేతులూ ఎత్తండి. వేళ్లు కొద్దిగా ముడవండి. కుడిచేతి వేళ్లను ఎడమచేతి వేళ్లలో తగిలించి లాగండి. రాదు కదా? అదే జానీ కప్లర్. ఆ ముడిచిన వేళ్ల భాగాన్ని నకిల్ అంటాం. రెండు పెట్టెలు వచ్చి గుద్దుకోగానే నకిల్ మూసుకుని దానంతట అదే తాళం పడుతుంది. విడదీయాలంటే పక్కన నిలబడి ఒక లీవర్ ఎత్తితే చాలు. మనం సీబీసీ అంటామే, సెంటర్ బఫర్ కప్లర్, అది దీని మనవడే.

వస్తువు 1873లోనే ఉంది కదా, 1874లో అందరూ మారిపోయారా? లేదు. వందల కంపెనీలు, ఎవరి కొక్కెం వాళ్లది. కప్లర్లకు పేటెంట్లే వేలల్లో వచ్చాయి. ఒక కంపెనీ డబ్బు పెట్టి మారితే, పక్క కంపెనీ వ్యాగన్‌తో కలవదు. అప్పుడు జరిగిన రెండు పనులు గమనించండి. నకిల్ బయటి వంపు గీత మీద తన హక్కును జానీ కంపెనీ వదులుకుంది. లోపల తాళం ఎలా ఉన్నా ఫర్వాలేదు, బయటి వంపు ఒకటే ఉంటే ఎవరు చేసిన కప్లరైనా కలుస్తుంది. రెండోది చట్టం. బ్రేకులు వేసే, పెట్టెలు కలిపే రైలు పనివాడికి యుద్ధంలో సైనికుడికి ఉన్నంత ప్రాణభయం ఉండటం మన నాగరికతకే మచ్చ అని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ 1889లో కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో రాశాడు. 1893 మార్చి 2న చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆ చట్టం ఫలానావాడి కప్లర్ వాడమని చెప్పలేదు. మనిషి రెండు పెట్టెల మధ్యకు వెళ్లే అవసరం లేకుండా, తగలగానే కలిసేది ఉండాలి అంది. ఇంజనీరుకు అంతకన్నా మంచి స్పెసిఫికేషన్ నేను చూడలేదు. అయినా గడువు పొడిగించుకుంటూ 1900 దాకా లాగారు.

జపాన్ వాళ్లు చేసిన పని అయితే, చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1925 జులై 17. ఒక్క రోజు. హొన్షూ, అంటే వాళ్ల అతిపెద్ద దీవి, అక్కడి గూడ్స్ రైళ్లన్నీ ఆపేశారు. పొద్దున్నే మొదలుపెట్టి వ్యాగన్లన్నిటికీ స్క్రూ కప్లింగులు ఊడదీసి, ఆటోమేటిక్ కప్లర్లు బిగించారు. మూడు రోజులకు క్యూషూ దీవిలో కూడా అంతే. ఆ రోజు ఏ వ్యాగన్ ఎక్కడ ఉంటుందో ఎవరికి తెలుస్తుంది? అందుకని ముందే ప్రతి వ్యాగన్ కిందా దాని కొత్త కప్లర్ల జతను వేలాడదీసి తిప్పారు. ఎక్కడ ఆగితే అక్కడే బిగించుకోవచ్చు. దానికి ముందు ఏళ్ల తరబడి లెక్కలు, కొలతలు, మనుషులకు రిహార్సళ్లు. వ్యాగన్ తన కొత్త కొక్కేన్ని తనే పొట్ట కింద మోసుకు తిరిగిందంటే, ఆ ఆలోచన వచ్చిన బుర్రకు దండం పెట్టాలి. సోవియట్ యూనియన్ వాళ్లు ఇదే పనిని 1935లో మొదలుపెట్టి 1957కి పూర్తిచేశారు. మధ్యలో యుద్ధం కూడా ఉంది లెండి.

ఇక యూరప్. ఇది నాకు నవ్వూ జాలీ రెండూ తెప్పిస్తుంది. గంటకు మూడు వందల కిలోమీటర్లు పరిగెత్తే రైళ్లు చేస్తారు. 2007లో ఫ్రాన్స్ వాళ్లు 574.8 కిలోమీటర్ల వేగం చూపించారు. అదే దేశాల్లో గూడ్స్ యార్డుకు వెళ్తే, ఇవాళ్టికీ మనిషి బఫర్ల మధ్య దూరి, హెన్రీ బూత్ నాటి స్క్రూ తిప్పుతున్నాడు. 1970లలో ఒకసారి ఆటోమేటిక్ కప్లర్‌కు అందరం మారదాం అనుకున్నారు. డిజైన్లు కూడా తయారయ్యాయి. ఇన్ని దేశాలకు ఒకే ముహూర్తం కుదరక అటకెక్కించారు.

దానివల్ల నష్టం ఏమిటి? స్క్రూ కప్లింగ్ మోయగల లాగుడుకు హద్దుంది. ఎక్కువ బరువు కడితే తెగుతుంది. అక్కడ గూడ్స్ రైలుకు 740 మీటర్ల పొడవును ప్రమాణంగా పెట్టుకుని, ప్రధాన మార్గాలన్నీ ఆ స్థాయికి తీసుకురావడానికే ఇంకా కష్టపడుతున్నారు. ఇటు ఆస్ట్రేలియా చూడండి. 2001 జూన్ 21న పిల్బరా ప్రాంతంలో బీహెచ్‌పీ కంపెనీ 682 వ్యాగన్లతో, ఎనిమిది ఇంజన్లతో ఒకే రైలు నడిపింది. పొడవు 7.3 కిలోమీటర్లు, మొత్తం బరువు 99,734 టన్నులు, నడిపినవాడు ఒక్కడే. అంత బరువూ ఆ నకిళ్లే లాగాయి.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2021 అక్టోబరు 7న దక్షిణ మధ్య రైల్వే విజయవాడ పక్కన కొండపల్లి నుంచి 'త్రిశూల్' అనే రైలు నడిపింది. మూడు ఖాళీ గూడ్సు బండ్లు ఒకటిగా కట్టి, 177 వ్యాగన్లు. మర్నాడు రాయచూరు నుంచి మణుగూరుకు 'గరుడ'. మరుసటి ఏడాది ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లో 'సూపర్ వాసుకి' 295 వ్యాగన్లలో బొగ్గు లాగింది. మన గూడ్స్ వ్యాగన్లకు సీబీసీ ఉండబట్టి ఇది సాధ్యమైంది.

మన దగ్గర మార్పు ఎలా జరిగిందో తెలుసా? జపాన్ లాగా ఒక్క రోజులో కాదు, మన పద్ధతిలో. గూడ్స్‌కు ముందు సీబీసీ వచ్చింది. ప్యాసింజర్ పెట్టెలు చాలా కాలం స్క్రూ కప్లింగ్‌తోనే ఉన్నాయి. మరి ఇంజను రెంటినీ లాగాలి కదా? అందుకని ఇంజనుకు మధ్యలో సీబీసీ పెట్టి, దానికే ఒక స్క్రూ కప్లింగ్ వేలాడదీసి, అటూ ఇటూ బఫర్లు కూడా ఉంచారు. దాన్ని ట్రాన్సిషన్ కప్లింగ్ అంటాం. ట్రాన్సిషన్ అంటే తాత్కాలికం అని మీరు చదువుకుని ఉంటారు. నా సర్వీసంతా ఆ తాత్కాలికంలోనే గడిచింది. (నవ్వులు) వ్యాక్యూమ్ బ్రేకు నుంచి ఎయిర్ బ్రేకుకు మారడం కూడా అంతే. ఒకే ఇంజనులో రెండు బ్రేకులు పెట్టుకుని ఏళ్లు నడిపాం.

1995లో లింకే హాఫ్‌మన్ బుష్ అనే జర్మన్ కంపెనీతో ఒప్పందం అయింది. 2000 నుంచి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు రావడం మొదలైంది, ఆ తర్వాత కపుర్తలాలో తయారీ. పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పాత రకం పెట్టెల తయారీ 2018లో ఆగింది. ఎల్‌హెచ్‌బీకి సీబీసీ ఉంటుంది. ప్రమాదం జరిగితే పెట్టె మీదికి పెట్టె ఎక్కకుండా ఆ కప్లర్ గట్టిగా పట్టి ఉంచుతుంది. పాత పెట్టెల్లో ఎక్కువ ప్రాణాలు పోయింది అలా ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం వల్లే. కానీ మాకు యార్డులో కొత్త తలనొప్పి వచ్చింది. ఎల్‌హెచ్‌బీ రేకులో, అంటే ఒకటిగా కట్టిన పెట్టెల వరుసలో, ఒక పెట్టె సిక్ అయితే, అంటే పాడైతే, పక్క లైన్లో పాత పెట్టె ఖాళీగా ఉన్నా అందులో కలపలేం. ప్లాట్‌ఫారం మీద రిజర్వేషన్ చేతిలో పట్టుకున్నవాళ్లు 'అక్కడ పెట్టె ఉంది కదండీ' అని అడుగుతారు. ఏమని చెప్తాం, కొక్కెం వేరమ్మా అని!

ఇంకొకటి. స్క్రూ బిగిస్తే పెట్టెల మధ్య సందు ఉండదు. నకిల్‌లో కొంచెం సందు ఉంటుంది. ఎల్‌హెచ్‌బీ వచ్చిన కొత్తలో రాత్రి బండి కదిలేటప్పుడు పై బెర్తులో పడుకున్నవాళ్లు ఉలిక్కిపడి లేచిన కుదుపు అదే. తర్వాత కప్లర్ వెనక కుదుపును మింగే డ్రాఫ్ట్ గేర్లు మార్చి చాలావరకు తగ్గించారు.

ఇప్పుడు అసలు మలుపు. ముందు మారిన అమెరికా ఇవాళ ఇరుక్కుపోయింది. ఎలాగో చెప్తాను. జానీ కప్లర్ ఇనుమును కలుపుతుంది, అంతే. గాలి పైపు కలపడానికి ఇప్పటికీ మనిషి లోపలికి వెళ్లాల్సిందే. వాళ్ల గూడ్స్ వ్యాగన్ల మీదుగా కరెంటు తీగ గానీ, డేటా తీగ గానీ పోదు. దానివల్ల బ్రేకు గాలి మీదే ఆధారపడుతుంది. డ్రైవరు బ్రేకు వేస్తే ఆ కబురు పైపులో గాలి ద్వారా వెనక్కి పోవాలి. గాలిలో కబురు శబ్దవేగాన్ని మించదు. ఇందాకటి 7.3 కిలోమీటర్ల రైలును లెక్క వేయండి. ఆ పొడవున కబురు శబ్దవేగంతో పోయినా 21 సెకన్లు. ఈలోగా ముందు వ్యాగన్లు ఆగుతుంటే వెనకవి తోస్తూ ఉంటాయి. తీగ ఉంటే అన్నీ ఒకేసారి బ్రేకు వేస్తాయి. దాన్నే ఈసీపీ బ్రేకు అంటారు. 2013లో కెనడాలోని లాక్ మెగాంటిక్ ఊళ్లో చమురు రైలు దొర్లి పడి 47 మంది కాలిపోయారు. ఆ తర్వాత 2015లో అమెరికా ప్రభుత్వం మండే చమురు మోసే కొన్ని రైళ్లకు ఈసీపీ తప్పనిసరి చేసింది. ఖర్చుకు తగ్గ లాభం లేదని 2018లో ఆ నిబంధన ఎత్తేశారు. వ్యాగన్లు అన్ని కంపెనీల మధ్యా తిరుగుతాయి. సగానికి తీగ పెట్టి సగానికి లేకపోతే పని జరగదు.

పిల్బరాలో మాత్రం గనుల కంపెనీలు ఈసీపీ పెట్టేసుకున్నాయి. రియో టింటో అయితే 2018 నుంచి డ్రైవరే లేకుండా ఇనుప ఖనిజం రైళ్లు నడుపుతోంది. గని వాళ్లదే, పట్టా వాళ్లదే, రేవు వాళ్లదే. ఎవరినీ అడగక్కర్లేదు. మెట్రోలూ అంతే. మన శ్రీసిటీలో ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీలో తయారైన రైళ్లు 2019 నుంచి సిడ్నీలో డ్రైవరు లేకుండా తిరుగుతున్నాయి. వందే భారత్ కూడా ఒక విధంగా అంతే. లోపల పెట్టెలన్నీ ఒకదానికొకటి దాదాపు శాశ్వతంగా కట్టేసి ఉంటాయి, బయటివాళ్లతో పొత్తు లేదు. అందుకే అంత త్వరగా కొత్త హంగులు వచ్చాయి. కానీ దారిలో ఆగిపోయిందనుకోండి, ముక్కు మూత తీసి మామూలు ఇంజనుకు కట్టాలి. అప్పుడు మళ్లీ లోకంతో సంబంధం కలుపుకోక తప్పదు.

యూరప్ వాళ్లు ఇప్పుడు అనుకుంటున్నది డిజిటల్ ఆటోమేటిక్ కప్లింగ్, పొట్టిగా డీఏసీ. ఇనుము, గాలి, కరెంటు, డేటా నాలుగూ ఒకే దెబ్బకు కలిసిపోవాలి. మనిషి మధ్యలోకి వెళ్లనే వెళ్లడు. 2020లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కంపెనీలు కలిసి పరీక్షలు మొదలుపెట్టాయి. 2021లో కప్లర్ తల ఆకారం ఎంచుకున్నారు. షార్ఫెన్‌బర్గ్ రకం, అది కూడా వందేళ్లు దాటిన జర్మన్ డిజైనే. మెట్రో రైళ్ల ముక్కు దగ్గర చూసి ఉంటారు, ఒక బుడిపె, ఒక గుంట. స్విట్జర్లాండ్ వాళ్లు 2019లోనే తమ దేశంలో తిరిగే కొన్ని కంటైనర్ రైళ్లకు ఆటోమేటిక్ కప్లర్లు పెట్టేసుకున్నారు.

అయితే మార్చాల్సింది నాలుగైదు లక్షల వ్యాగన్లు. వాటిలో చాలావాటిని అద్దెకిచ్చే కంపెనీలు కొన్నాయి. కప్లర్ ఖర్చు యజమానిది, యార్డులో మిగిలే సమయం రైలు నడిపేవాడిది. ఇంటికి కొత్త గేటు పెట్టించమంటే ఇంటి ఓనరు, 'అద్దె పెంచుతారా' అంటాడు కదా, అదే గొడవ. నా అనుభవంతో చెప్తున్నాను, అక్కడ పని ఆగితే డ్రాయింగ్ వల్ల ఆగదు, దీనివల్లే ఆగుతుంది. ముందే మారిపోయి ఉంటే వాళ్లూ అమెరికా లాగా ఉత్త ఇనుము కప్లర్‌తో ఇరుక్కునేవాళ్లు. ఆలస్యం వాళ్లకు ఒకరకంగా కలిసొచ్చింది. కలిసొచ్చిందాన్ని వాడుకుంటారా అన్నది వేరే విషయం.

సరే, ఏమైనా అడగండి.

(ఒక విద్యార్థిని: మరి మన గూడ్స్ రైళ్లకు కూడా డీఏసీ కావాలా సార్?)

మంచి ప్రశ్న అమ్మా. నన్నడిగితే ఇప్పుడే అవసరం లేదు. యూరప్‌లో ఒక్కొక్క వ్యాగన్‌ను వేర్వేరు ఫ్యాక్టరీల నుంచి తెచ్చి, యార్డులో కలిపి, మళ్లీ విడదీసే వ్యాపారం చాలా ఉంది. వాళ్ల టైమంతా అక్కడే పోతుంది. మన దగ్గర సింగరేణి బొగ్గు అయినా, సిమెంటు అయినా, బియ్యం అయినా ఎక్కువగా రేకు రేకే వెళ్తుంది. బాక్స్ఎన్ అనే పైకప్పు లేని వ్యాగన్లు యాభై ఎనిమిదో, యాభై తొమ్మిదో ఒకటిగా వెళ్లి ఒకటిగా వస్తాయి. కలపడం, విడదీయడం తక్కువ. మనకు ముందు కావాల్సింది తీగ. పొడవాటి రైళ్లు నడపాలంటే బ్రేకు కబురు త్వరగా పోవాలి. అది కూడా ముందు బయటికి పోని రేకులకు పెట్టి చూడాలి. గని నుంచి పవర్ స్టేషన్‌కు, పవర్ స్టేషన్ నుంచి గనికి తిరిగేవాటికి. దేశమంతా ఒకేసారి అంటే మళ్లీ ఒక ట్రాన్సిషన్ మొదలవుతుంది, దాన్ని మీరు రిటైర్ అయ్యేదాకా చూస్తారు.

(వెనక నుంచి ఒక విద్యార్థి: మీ బాబాయ్ గారి వేలు కప్లింగ్‌లోనే పోయిందా సార్?)

హహ... అడిగావూ! నేనూ ఇరవై ఏళ్లు అదే అనుకున్నాను. ఆయన రిటైర్మెంట్ రోజు దండ వేసి, టీ తాగుతూ అడిగాను. "కప్లింగా పాడా, అత్తారింట్లో చొప్ప కోసే మిషన్‌లో పోయింది, అప్పటికి ఉద్యోగంలోనే చేరలేదు" అన్నాడు. మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం బాబాయ్ అంటే, "నువ్వు అడగలేదు. పైగా ఆ వేలు చూసి నువ్వు జాగ్రత్తగా ఉన్నావు కదా, చెప్పి చెడగొట్టుకోవడం ఎందుకు" అన్నాడు.